విన్న తర్వాతే కాదన్నాడు

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది అడిగారు: ఉదారవాద క్రైస్తవులతో మనం చర్చకు కూర్చోవచ్చా అని. నేనైతే చరిత్రలో ఒక మనిషిని చూపిస్తానండి.

1905లో గ్రెషమ్ మేచెన్ అనే అమెరికా యువకుడు చదువు కోసం జర్మనీలోని మార్బర్గ్ వెళ్ళాడు. అక్కడ ఉదారవాద వేదాంతి విల్‌హెల్మ్ హెర్మన్ పాఠాలు విన్నాడు. ఆయన భక్తికి కదిలిపోయాడు. మనసంతా కలవరపడిందని ఇంటికి ఉత్తరం కూడా రాశాడు.

అదే మేచెన్ 1923లో, ఉదారవాదం క్రైస్తవ్యం కాదు, వేరే మతమేనని పుస్తకం రాశాడు. 1929లో ప్రిన్‌స్టన్ వదిలి, ఫిలడెల్ఫియాలో వెస్ట్‌మినిస్టర్ సెమినరీ స్థాపించాడు.

చూశారా, ఆయన విన్న తర్వాతే కాదన్నాడు. మాట్లాడటం వేరు, పుల్పిట్ అప్పగించడం వేరు. వినడానికే భయపడితే మనం చెప్పే "కాదు"కి బరువెక్కడిది?