రైలును బస్సును ఒక్క చేతిలో

నైజాము రాష్ట్రమున రైలుబాటకు దూరమైన పల్లెవానికి స్టేషను చేరుటయే యొక ప్రయాణముగా నుండెడిది. బండి యున్నవాఁడు బండి కట్టును; లేనివాఁడు నడచును. ఆ రాష్ట్రపు రైల్వేను 1930లో ప్రభుత్వము కంపెనీనుండి కొనెను. 1932లో ఆ రైల్వేవారే రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి, 27 బస్సులతోను 166 మంది యుద్యోగులతోను పని యారంభించిరి.

సంఖ్య స్వల్పమే, ఆలోచన స్వల్పము గాదు. ఆ దినములలో బ్రిటిషు ఇండియాయందు మోటారుబస్సులు రైలుబాట ప్రక్కనే పరుగెత్తి ప్రయాణికులను లాగికొనుచుండెను. ఈ పోటీని విచారించి మిచెల్, కర్క్‌నెస్ అను నిరువురు 1933లో నివేదిక నొసఁగిరి. లాభమున్న త్రోవకు రెండును వచ్చును. లేని యూరికి రెండును రావు. పంక్తిలో నిండిన విస్తరికే మరల వడ్డించినట్లు!

నైజాములోనో, రెంటికిని యజమాని యొక్కఁడే. తన బస్సు తన రైలును దోఁచినచో నతనికి మిగులున దేమి? స్టేషనునుండి లోపలి యూళ్లకు నడిపిననే లాభము. ధర్మబుద్ధికంటె జమాఖర్చులే యీ మార్గమును జూపినవని నా తలంపు.

1951లో ఆ శాఖ రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ యేర్పడెను. బస్సులు పెక్కు పల్లెలను జేరెను; కాని రెంటిని నొక్క కచేరియే నడుపుట 1951తోనే నిలిచెను. రైలు దిగి, అప్పుడే కదలిపోయిన బస్సు ధూళిని జూచుచు నిలువఁబడినవారు మీలో ననేకు లుందురు.