ఆటగాడి మార్పిడి: డల్లాస్ లెక్క

అమెరికా బాస్కెట్‌బాల్‌లో ట్రేడ్ అంటే ఒక జట్టు తన ఆటగాడిని కాంట్రాక్టుతో సహా మరో జట్టుకు ఇచ్చి, బదులుగా అక్కడి ఆటగాళ్లను తెచ్చుకోవడం. ఇది వేలం కాదు. కబడ్డీలో తెలుగు టైటాన్స్‌కు మొదటి ఆరు సీజన్లు కూత పెట్టిన రాహుల్ చౌదరి 2019లో తమిళ్ తలైవాస్‌కు వెళ్లింది వేలంలో. ఒకరు వదిలేశారు, మరొకరు పాడుకున్నారు. 2023 నవంబరులో ఐపీఎల్ క్రికెట్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి మారడం ట్రేడే గానీ, అది డబ్బుకు జరిగిన బేరం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మాత్రం చాలావరకు మనిషికి మనిషి. ఆటగాడిని అడగాల్సిన పని లేదు. కాంట్రాక్టులో ముందే రాయించుకున్న అతి కొద్దిమందికి తప్ప ‘వెళ్లను’ అనే హక్కు దాదాపు ఎవరికీ ఉండదు.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక డల్లాస్ మీద అలాంటి పిడుగు ఒకటి పడింది. నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌లో అప్పటికి ఆదివారం పొద్దున పదిన్నర దాటి ఉంటుంది. డల్లాస్ మావెరిక్స్ జట్టు లూకా దోన్చిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసింది. స్లొవేనియా నుంచి వచ్చిన లూకాకు అప్పటికి ఇరవై ఐదేళ్లు. అంతకు ఎనిమిది నెలల ముందే జట్టును ఫైనల్ దాకా మోశాడు. బోస్టన్ చేతిలో 4–1తో ఓడినా ఊరు అతన్ని నెత్తిన పెట్టుకుంది. బదులుగా వచ్చిన ఆంథనీ డేవిస్ పెద్ద ఆటగాడే, కానీ వయసు ముప్పై ఒకటి, గాయాల చరిత్ర పొడవు. అతని వెంట మాక్స్ క్రిస్టీ అనే కుర్రవాడు, 2029లో లేకర్స్ కొత్త ఆటగాడిని ఎంచుకోవాల్సిన మొదటి రౌండు వంతు కూడా వచ్చాయి. వార్త బయటపెట్టిన విలేకరి సోషల్ మీడియా ఖాతాను ఎవరో దొంగిలించారనే చాలామంది అనుకున్నారు. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కోల్లోనూ 77 నంబరు జెర్సీ వేసుకున్న పిల్లలకు మర్నాడు పొద్దున తల్లిదండ్రులే ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఆ ఆదివారమే, జట్టు సొంత హాలు అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ ముందు అభిమానులు ఒక శవపేటికను తెచ్చి పెట్టారు. పెట్టిన చోటు డర్క్ నొవిట్‌స్కీ విగ్రహం ఎదురుగా. జర్మనీ నుంచి వచ్చిన డర్క్ 1998 నుంచి 2019 దాకా ఇరవై ఒక్క సీజన్లు ఈ ఒక్క జట్టుకే ఆడాడు, 2011లో దానికి ఉన్న ఒకే ఒక్క టైటిల్ తెచ్చిపెట్టాడు. విధేయత ఎన్నటికీ మాయదన్న అర్థం వచ్చే మాట విగ్రహం కింద చెక్కి ఉంది. ఆ మాట కిందే పువ్వులు, జెర్సీలు పోగుపడ్డాయి. తమాషా ఏమిటంటే డర్క్ కూడా డల్లాస్‌కు ట్రేడ్‌లోనే వచ్చాడు. 1998లో అతన్ని ఎంచుకున్న జట్టు మిల్వాకీ. ఆ రాత్రే డల్లాస్‌కు మార్చేసింది. 2018లో లూకాను ఎంచుకున్నదీ డల్లాస్ కాదు, అట్లాంటా. ఆ రాత్రే అతనూ ఇటు వచ్చాడు. ట్రేడ్‌తో వచ్చిన దేవుడు ట్రేడ్‌తోనే పోయాడన్నమాట.

ఇంత పెద్ద నిర్ణయం ఆటగాడి చెవిన కూడా పడకుండా ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు అమెరికా చరిత్రలో ఉంది. గల్ఫ్‌కు పోయివచ్చిన వాళ్లున్న బాల్కొండ, ముప్కాల్ ఇళ్లలో ఆ చరిత్రను విడమరిచి చెప్పనక్కర్లేదు. కఫీల్ రిలీజ్ ఇవ్వనిదే మరో కంపెనీలో చేరలేని పద్ధతి వాళ్లకు అనుభవమే. అమెరికాలో 1879లో బేస్‌బాల్ యజమానులు దాదాపు అలాంటి ఏర్పాటే చేసుకున్నారు. కాంట్రాక్టు గడువు తీరినా ఆటగాడి మీద హక్కు పాత జట్టుదే. దాని పేరు రిజర్వ్ క్లాజ్. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ జోన్‌లో పండిన చెరుకు ఆ ఫ్యాక్టరీకే పోవాలన్న ఒకప్పటి నిబంధన లాంటిదే, కాకపోతే ఇక్కడ తూకం వేసేది మనిషిని. బాస్కెట్‌బాల్ పుట్టాక ఇదే పద్ధతి దానికీ అంటింది. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పడంతో యజమానులకు ఎదురు లేకపోయింది.

ఎదురు తిరిగినవాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండు సీజన్లు ఆడిన ఈ నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడిని 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు మార్చేశారు. ఏడాదికి 90 వేల డాలర్ల జీతం. ఆ రోజుల్లో అది మహా వైభోగం. అయినా డిసెంబరు 24న లీగ్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు: ఇన్నేళ్లు ఆడిన తాను తన ఇష్టంతో పని లేకుండా కొని అమ్మే సరుకును కానని. కోర్టుకు వెళ్లాడు. 1972లో సుప్రీంకోర్టులో 5–3 తేడాతో ఓడిపోయాడు. ఆట పోయింది, డబ్బు పోయింది. బానిసత్వం రద్దయి నూరేళ్లు దాటిన దేశంలో ఒక నల్లవాడు ఈ మాట అనాల్సి రావడం జీతం ఎంతన్న దానికంటే పెద్ద సంగతి.

బాస్కెట్‌బాల్‌లో పోరాడింది ఆస్కార్ రాబర్ట్‌సన్. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా 1970 ఏప్రిల్‌లో లీగ్ మీద దావా వేశాడు. అదే నెలలో సిన్సినాటి జట్టు అతన్ని మిల్వాకీకి ట్రేడ్ చేసింది. అక్కడ కుర్ర కరీం అబ్దుల్-జబ్బార్‌తో కలిసి 1971లో టైటిల్ గెలిచాడు. దావా మాత్రం ఆరేళ్లు నడిచి, 1976లో రాజీ కుదిరింది. రిజర్వ్ క్లాజ్ సడలిపోయింది. 1988 నుంచి, కాంట్రాక్టులు తీరిన సీనియర్ ఆటగాళ్లు ఎవరి అడ్డూ లేకుండా నచ్చిన చోటికి వెళ్లగలుగుతున్నారు. అలా ఇష్టపడి వెళ్లిపోయినా అభిమానులు ఊరుకోరు: 2010లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ వదిలి మయామీ వెళ్తే క్లీవ్‌లాండ్‌లో అతని జెర్సీలు తగలబెట్టారు. రాబర్ట్‌సన్ గెలుపులో మాత్రం ఒక సగం మిగిలిపోయింది. గడువు తీరాక వెళ్లే హక్కు ఆటగాడికి వచ్చింది. గడువులోపల పంపించే హక్కు యజమాని దగ్గరే ఉండిపోయింది. డల్లాస్‌లో ఆ రాత్రి పనిచేసింది ఈ మిగిలిన సగమే.

జట్టు పేరు గురించి ఒక మాట. మావెరిక్ అంటే ముద్ర వేయని పశువు. పందొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్‌లో శామ్యూల్ మావెరిక్ అనే ఆసామి తన మందకు ముద్రలు వేయించేవాడు కాదట. అలా తిరిగే పశువులకు ఆయన ఇంటిపేరే స్థిరపడింది. తెలుగునాట ఊరి మీద పడేది అచ్చోసిన ఆంబోతు, టెక్సాస్‌లో అచ్చు వేయనిది. లేకర్స్ పేరూ అంతే, సరస్సుల వాళ్లని. సరస్సులున్నది లాస్ ఏంజెలెస్‌లో కాదు, ఆ జట్టు పుట్టిన మిన్నియాపొలిస్‌లో. 1960లో యజమాని జట్టును మూటగట్టుకుని పడమటికి తీసుకుపోయాడు. ఆటగాడినే కాదు, జట్టుకు జట్టునే ఊరు మార్చే హక్కు అమెరికాలో యజమానికి ఉంది.

ట్రేడ్‌ను తూచే అభిమానుల మాటలు వింటే ఆట గురించా, పద్దు పుస్తకం గురించా అన్న అనుమానం వస్తుంది. దానికి కారణం జీతాల పరిమితి. 1984–85లో ఒక్కో జట్టు మొత్తం జీతాలకు 36 లక్షల డాలర్ల హద్దు పెట్టారు. 2024–25 నాటికి ఆ హద్దు సుమారు 14 కోట్ల 6 లక్షల డాలర్లు. హద్దు దాటిన జట్లు ట్రేడ్ చేయాలంటే ఇటు పోయే జీతం, అటు నుంచి వచ్చే జీతం దాదాపు సరితూగాలి. లూకా జీతం ఆ ఏడాది సుమారు 4 కోట్ల 30 లక్షలు, డేవిస్‌ది 4 కోట్ల 32 లక్షలు. తక్కెడలో సూది నిలువుగా నిలబడింది. అందుకే బస్సు డ్రైవరు కూడా అక్కడ ఫలానావాడి కాంట్రాక్టు ఎన్నేళ్లు మిగిలింది, ఎంత బరువు అని నోటిలెక్కలు వేస్తాడు.

రెండో తూనికరాయి డ్రాఫ్ట్ పిక్. ఏటా జూన్‌లో కొత్త ఆటగాళ్లను జట్లు వంతుల వారీగా ఎంచుకుంటాయి. బాగా ఓడిన జట్లకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. రాబోయే ఏళ్ల వంతులనూ ట్రేడ్‌లో ఇచ్చేయవచ్చు. ఇది విత్తనం వేయకముందే పసుపు పంట రాసిచ్చే బేరం. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ ఇలా వంతులన్నీ పారబోశాడు. వాటిని ఏరుకుని బాగుపడిన జట్లలో, 1980లో పుట్టిన డల్లాసే ముందుంది. 1984లో శామ్ పెర్కిన్స్‌ను అలాగే తెచ్చుకుంది. వరుసగా రెండేళ్ల మొదటి రౌండు వంతులు ఇవ్వకూడదన్న నియమం ఆయన పుణ్యమే, పేరూ ఆయనదే. ఒకప్పుడు ఇతరుల తెలివితక్కువతనం మీద బతికిన ఊరికి 2025లో ఆ తెలివితక్కువ పాత్ర దక్కింది.

డల్లాస్ జనరల్ మేనేజర్ నీకో హారిసన్ చెప్పిన కారణం ఒక్కటే: టైటిళ్లు రక్షణ వల్ల వస్తాయి, డేవిస్ రక్షణలో దిట్ట. చెప్పనివి వేరే ఉన్నాయని అందరూ అనుకున్నారు. లూకా ఒంటి బరువు, క్రిస్మస్ నాడు పట్టేసిన పిక్క, వేసవిలో అతనికి ఇవ్వాల్సి వచ్చే అయిదేళ్ల 34 కోట్ల 50 లక్షల డాలర్ల కాంట్రాక్టు. ఆ స్థాయి కాంట్రాక్టు సొంత జట్టే ఇవ్వగలదు. ఊరు మారగానే లూకాకు ఆ అర్హత పోయింది. సమర్థించినవాళ్లు కొద్దిమంది లేకపోలేదు. రక్షణ ఆడని వీరుడితో ఫైనల్ దాకానే వెళ్లగలం అన్నది వాళ్ల మాట. కానీ అభిమానుల అసలు ఫిర్యాదుకు వాళ్ల దగ్గర జవాబు లేదు. నిజామాబాద్ యార్డులో పసుపు కుప్ప పోస్తే నలుగురు వచ్చి చేత్తో విరిచి చూసి ధర చెబుతారు. హారిసన్ తన సరుకును ఒక్క వ్యాపారికే, అదీ గుట్టుగా చూపించి బేరం ముగించాడు. మిగతా జట్లకు లూకా దొరుకుతాడన్న సంగతే తెలియదు. ధర తక్కువ పలకడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఫిబ్రవరి 8న డేవిస్ డల్లాస్ తరఫున మొదటి ఆట ఆడి 26 పాయింట్లు చేశాడు, అదే ఆటలో గాయపడి వారాల తరబడి కూర్చున్నాడు. మార్చి 3న మరో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలి లిగమెంటు తెగింది. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ రంగుల్లో డల్లాస్‌కు వచ్చాడు. ఆటకు ముందు అతని పాత ఆటల వీడియో చూపిస్తుంటే తువాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత 45 పాయింట్లు కొట్టాడు. హారిసన్‌ను తీసేయమన్న అరుపులు సొంత హాల్లోనే మార్మోగాయి. మావెరిక్స్ 39 గెలుపులు, 43 ఓటములతో ముగించి ప్లేఆఫ్స్ బయటే ఆగిపోయింది.

మే నెల లాటరీలో 1.8 శాతం అవకాశంతోనే డల్లాస్‌కు అందరికంటే మొదటి వంతు తగిలింది, కూపర్ ఫ్లాగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు దొరికాడు. అది హారిసన్ తెలివి కాదు, అదృష్టం. ఆగస్టులో లూకా లేకర్స్‌తో మూడేళ్లకు 16 కోట్ల 50 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం చేసుకున్నాడు. కొత్త సీజన్‌లో మావెరిక్స్ మూడు గెలిచి ఎనిమిది ఓడాక, 2025 నవంబరు 11న హారిసన్‌ను పదవి నుంచి తీసేశారు. 2023 చివర్లో సుమారు 350 కోట్ల డాలర్ల విలువ కట్టి జట్టును కొని, ఈ ట్రేడ్‌కు సంతకం పెట్టిన యజమానులు అలాగే ఉన్నారు. తక్కెడలో ఒక రాయి ఇంకా పడలేదు. లేకర్స్ ఇచ్చిన 2029 నాటి పిక్‌తో ఎవరు వస్తారో ఆ ఏడాది జూన్ దాకా తేలదు. ఆ ఆటగాడు ఇప్పుడు ఎక్కడో హైస్కూలు చదువుతూ ఉండి ఉంటాడు.