మూసీ గాయం – అమ్మవారి బోనం



శిథిలమైన ఆలయానికి జీర్ణోద్ధరణ జరిపించి మనమందరం ధన్యులమవుతున్నాము. మరి, ఒక నగరం మనసే శిథిలమైతే దానిని ఉద్ధరించే మార్గమేది? ఈ ప్రశ్నకు మన పాతబస్తీ చరిత్రలోనే సమాధానమున్నది.

1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి భాగ్యనగరాన్ని ముంచెత్తినది. సుమారు 15,000 మంది అసువులు బాసినట్లు అంచనా. అఫ్జల్‌గంజ్ వైద్యశాల ప్రాంగణంలోని చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆనాటి ప్రభువు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్, ప్రధాని మహారాజా కిషన్ ప్రసాద్ సూచనపై అమ్మవారిని ప్రార్థించి, మూసీకి పట్టువస్త్రాలు, ముత్యాలు సమర్పించగా వరద శాంతించినదని ఐతిహ్యం. లాల్‌దర్వాజ సింహవాహిని మహాకాళి బోనాలు ఆనాటి నుండే ఆరంభమైనవని పెద్దలు చెబుతారు.

అంతకు పూర్వమే ఇట్టి మొక్కు ఒకటి ఉన్నది. 1813లో జంటనగరాలలో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో సైనికోద్యోగంలో ఉన్న సురిటి అప్పయ్య మహాకాళికి మొక్కుకొని, 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించినాడని ప్రతీతి.

వరద అనంతరం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు విచ్చేసి ప్రణాళిక రచించినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినవి. ఆ జలాశయాలు వరదను అదుపు చేసినవి. అయినవారిని పోగొట్టుకున్న దుఃఖాన్ని అదుపు చేసే పని మాత్రం ఆచారానిదే అయినది.

ఆ విధానాన్ని గమనించండి. కొత్తకుండలో వండిన అన్నం, చుట్టూ వేపమండలు, పైన దీపం – అదే బోనం. ఇంటి ఆడపడుచు దానిని తలకెత్తుకొని వాడవాడ వెంట నడుస్తుంది. వేపాకు, పసుపు కలిపిన నీటితో సాకపోసి అమ్మవారిని చల్లబరుస్తారు. చివరకు హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం ఊరేగింపుగా నయాపూల్ వద్ద మూసీకి చేరుతుంది. ఏ నది మన పూర్వులను కబళించినదో, ఆ నది చెంతకే ఏటేటా నగరం భయాన్ని వీడి, భక్తితో నడిచి వస్తున్నది. ఒంటరిగా మోసిన దుఃఖం భారం. పదిమందితో కలిసి మోసినప్పుడు అది బోనమవుతుంది.

2014లో బోనాలు రాష్ట్ర పండుగైనవి. సంతోషమే. కాని ఘటం చేరుకునే మూసీ నేడు మురుగుతో నిండి ఉన్నది. నాడు మరణించినవారిలో అధికుల పేర్లైనా మనకు దక్కలేదు. గోపురానికి రాయి ఇచ్చిన మీరు, మీ బిడ్డలకు ఈ కథను కూడా ఇవ్వండి. బోనమెత్తిన నాడు ఆ అనామకులను ఒక్కసారి స్మరించండి. ఆ నదిని శుభ్రపరచే యత్నానికి చేయూతనివ్వండి. అప్పుడే ఈ జీర్ణోద్ధరణ సంపూర్ణమవుతుంది.

అమ్మవారి కరుణాకటాక్షాలు మీ కుటుంబాలపై సదా ప్రసరించుగాక!