సెలవులొస్తే ఎక్కడికి పోవాలి? – ఇల్లు లేని విద్యార్థులు, అమెరికా కాలేజీలు, మనం

 

పోస్టు కొంచెం పొడుగైంది. తీరిక ఉన్నప్పుడు చదవండి గానీ మధ్యలో వదిలెయ్యకండి.

పోయిన ఎండాకాలం సెలవులకు మా హాస్టల్ మూసేశారు. ప్రతి ఏడాది మూసేదే. ట్రంకు పెట్టెలు ఒక రూములో పెట్టి తాళం వేసి, సాయంత్రం కల్లా అందరూ ఖాళీ చెయ్యాలన్నారు. నేను మా ఊరి బస్సు టైం చూసుకుంటున్నా. మా రూమ్‌మేట్ మాత్రం మంచం మీద కూర్చుని కదలట్లేదు. "ఏరా, పోవా?" అంటే "ఎక్కడికి?" అన్నాడు. వాడికి చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలే వాడి ఇల్లు. ఇంటర్ దాకా పెద్దమ్మ ఉండేది, ఆమె కూడా పోయింది. మూడేళ్ళు ఒకే రూములో ఉన్నాం, దసరాకు, సంక్రాంతికి వాడు ఎటు పోతున్నాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాట రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ సాయంత్రం వాడిని మా ఊరు తీసుకుపోయా. నెలంతా మాతోనే తునికాకుకు వచ్చాడు.

మళ్ళీ కాలేజీ తెరిచాక స్కాలర్‌షిప్ రెన్యువల్ దగ్గర ఇంకో చిక్కు. ఆదాయ ధ్రువపత్రం కావాలి, తండ్రి ఆధార్ కావాలి, తండ్రి లేకపోతే సంరక్షకుడి సంతకం కావాలి. వాడికి సంరక్షకుడు ఎవరు? ఆఫీసుల చుట్టూ పదకొండు సార్లు తిరిగాం. పదో సారి తర్వాత వాడు "చదువు మానేస్తారా, పనికి పోతా" అన్నాడు.

నేను చదివేది హిస్టరీ. ఇలాంటి పిల్లల గురించి ఎక్కడైనా ఎవరైనా ఆలోచించారా అని వెతికితే అమెరికా కథ దొరికింది. ఆ కథ మొదలుపెట్టి వెనక్కి పోతే ఆదివాసుల దగ్గరికే చేరింది. అందుకే మీకు చెప్పాలనిపించింది.

ముందు ఒక మాట అర్థం చేసుకోవాలి: ఫోస్టర్ కేర్. అమెరికాలో తల్లిదండ్రులు పిల్లల్ని సరిగ్గా చూసుకోవడం లేదని కోర్టు నమ్మితే, ప్రభుత్వం ఆ పిల్లల్ని తీసుకుపోయి వేరే కుటుంబంలోనో, సంస్థలోనో ఉంచుతుంది. దాని ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది. ఇది దత్తత కాదు. ఆ ఇల్లు పిల్లవాడిది కాదు, ఎప్పుడైనా మార్చొచ్చు. ఒక్కో పిల్లవాడు ఐదారు ఇళ్ళు, ఐదారు బళ్ళు మారినవాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉంటారు. ఉన్నా లేనట్టే.

ఇప్పుడు ఆదివాసుల సంగతి. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే చోట రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఒక బోర్డింగ్ స్కూల్ పెట్టాడు. అమెరికా మూలవాసుల పిల్లల్ని ఊళ్ళ నుంచి వేల మైళ్ళ దూరం తెచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. పిల్లలు చనిపోతే అక్కడే పూడ్చారు, ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కార్లైల్ 1918లో మూతపడింది గానీ అలాంటి బళ్ళు దేశమంతా చాలాకాలం నడిచాయి.

తర్వాత పద్ధతి మారింది. 1958 నుంచి 1967 దాకా ప్రభుత్వమే ఒక దత్తత పథకం నడిపి 395 మంది మూలవాసీ పిల్లల్ని ఎక్కువగా తెల్లవాళ్ళ కుటుంబాలకు ఇచ్చింది. దానికి పక్కనే ఫోస్టర్ కేర్ పేరుతో ఇంకా ఎంతోమందిని తీసుకుపోయారు. కారణం ఏమని రాసేవారంటే, 'నిర్లక్ష్యం'. అమ్మ పనికి పోయి బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలితే అది నిర్లక్ష్యమట! మన గూడెంలో అమ్మమ్మల దగ్గర పెరగని వాళ్ళెవరు చెప్పండి? ఆ లెక్కన మనలో సగం మందిని తీసుకుపోవాలి.

1968లో నార్త్ డకోటాలోని డెవిల్స్ లేక్ సూ తెగవాళ్ళు మా పిల్లల్ని తీసుకుపోతున్నారు, సాయం చెయ్యండి అని అసోసియేషన్ ఆన్ అమెరికన్ ఇండియన్ అఫైర్స్ అనే సంస్థ దగ్గరికి వెళ్ళారు. ఆ సంస్థ 1969లో, 1974లో సర్వేలు చేసింది. తేలిందేమిటంటే మొత్తం మూలవాసీ పిల్లల్లో 25 నుంచి 35 శాతం మంది సొంత కుటుంబాల్లో లేరు. ముగ్గురు నలుగురు పిల్లల్లో ఒకరు! దాని మీద అమెరికా పార్లమెంటులో విచారణలు జరిగి, 1978లో ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ వచ్చింది. పిల్లవాడిని తీసుకోవాల్సి వస్తే ముందు బంధువులకు, తర్వాత అదే తెగలోని వాళ్ళకు, ఆ తర్వాత వేరే తెగల మూలవాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. తెగ కోర్టుకు కూడా అధికారం ఇచ్చింది. దీన్ని కొట్టెయ్యాలని కేసు వేస్తే 2023 జూన్‌లో వాళ్ళ సుప్రీంకోర్టు 7-2 తేడాతో చట్టాన్ని నిలబెట్టింది.

మరి తీసుకుపోయిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారు? కాలేజీ కథ ఇక్కడ మొదలవుతుంది. మూలవాసులే కాదు, నల్లజాతి పిల్లలు, పేద తెల్ల పిల్లలు అందరిదీ ఇదే పరిస్థితి. 18 ఏళ్ళు నిండిన రోజు ప్రభుత్వం డబ్బు ఆపేసేది. సంచీ పట్టుకుని బయటికి నడవాలి. మనింట్లో 18 ఏళ్ళ పిల్లవాడికి గ్యాస్ బండ మార్చడం కూడా సరిగ్గా రాదు, వాళ్ళు మాత్రం ఒక్క రాత్రిలో పెద్దవాళ్ళు కావాలి.

1980ల నడుమ దాకా ఈ పిల్లల గురించి కేంద్ర చట్టం ఏదీ లేదు. అప్పుడు 'ఇండిపెండెంట్ లివింగ్' అనే పథకం వచ్చింది. 16 ఏళ్ళు దాటిన ఫోస్టర్ పిల్లలకు వంట, డబ్బు లెక్క, ఉద్యోగం వెతుక్కోవడం నేర్పడానికి రాష్ట్రాలకు నిధులిచ్చారు. మంచిదే గానీ కాలేజీ మాట అందులో పెద్దగా లేదు. ఈ పిల్లలు కూలి పని చేసుకుని బతికితే చాలు అనుకున్నారేమో. మన గురించి కూడా కొందరు అలాగే అనుకుంటారు కదా.

కాలేజీ వైపు నుంచి ముందు కదిలింది కాలిఫోర్నియా. 1998లో ఫుల్లర్టన్‌లోని కాల్ స్టేట్ యూనివర్సిటీ, ఆరెంజ్‌వుడ్ అనే పిల్లల సంస్థతో కలిసి 'గార్డియన్ స్కాలర్స్' పెట్టింది. గార్డియన్ అంటే సంరక్షకుడు. సంతకం పెట్టే సంరక్షకుడు లేని పిల్లలకు ఆ పేరు! అందులో ఫీజు సాయం ఒక భాగం మాత్రమే. సెలవుల్లో కూడా హాస్టల్ గది ఇవ్వడం, ఏ కష్టం వచ్చినా వెళ్ళి అడగడానికి ఒక మనిషి, తనలాంటి వాళ్ళు కూర్చునే ఒక గది, ఇవన్నీ కలిపి ఇచ్చారు. తర్వాత కాలిఫోర్నియాలో చాలా కాలేజీలు అదే పేరుతో పథకాలు మొదలుపెట్టాయి.

మరుసటి ఏడాది, 1999 డిసెంబరులో, పాత కేంద్ర పథకాన్ని మార్చి కొత్త చట్టం చేశారు. అదే ఏడాది అక్టోబరులో చనిపోయిన రోడ్ ఐలాండ్ సెనేటర్ జాన్ చాఫీ పేరు దానికి పెట్టారు. ఏడాదికి 7 కోట్ల డాలర్లుగా ఉన్న నిధిని 14 కోట్లు చేశారు. 18 నుంచి 21 ఏళ్ళ వాళ్ళకు కూడా సాయం చేయొచ్చన్నారు. రెండేళ్ళ తర్వాత దానికి చదువు వోచరు కలిపారు: ఒక విద్యార్థికి ఏడాదికి 5,000 డాలర్ల దాకా.

2008లో రెండు జరిగాయి. మిషిగన్ రాష్ట్రంలో వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ 'సైటా స్కాలర్స్' మొదలుపెట్టింది. జాన్ సైటా అనే ఆయన ఫోస్టర్ కేర్‌లో పెరిగి అదే యూనివర్సిటీలో మూడు డిగ్రీలు చేశాడు, ఆయన పేరే పెట్టారు. అక్కడ ప్రతి విద్యార్థికీ ఒక కోచ్ ఉంటారు. ఆటల కోచ్ కాదు. మార్కులు తగ్గితే, జ్వరమొస్తే, ఇంటి నుంచి పాత గొడవ మళ్ళీ వస్తే మాట్లాడే మనిషి. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం ఇంకో చట్టం చేసి, ఇష్టమున్న రాష్ట్రాలు 18 బదులు 21 ఏళ్ళ దాకా ఫోస్టర్ కేర్ కొనసాగించొచ్చు, ఖర్చులో వాటా మేం ఇస్తాం అంది. తెగల ప్రభుత్వాలు ఈ నిధులు నేరుగా తీసుకునే వీలు కూడా ఆ చట్టంతోనే వచ్చింది. కాలిఫోర్నియా 2010లో ఒప్పుకుని 2012 నుంచి అమలు చేసింది.

ఇదంతా ఫోస్టర్ కేర్ పిల్లల మాట. ఆ లెక్కలోకి రానివాళ్ళు ఇంకొందరు ఉన్నారు. ప్రభుత్వం ఎప్పుడూ తీసుకుపోలేదు, కానీ ఇల్లు లేదు. ఇంట్లోంచి గెంటేసినవాళ్ళు, పారిపోయినవాళ్ళు, కారులో పడుకునేవాళ్ళు, స్నేహితుల ఇళ్ళలో సోఫా మీద రోజులు గడిపేవాళ్ళు. వీళ్ళ కోసం 1987లో మెకిన్నీ చట్టం వచ్చింది, తర్వాత దానికి వెంటో పేరు కూడా చేరింది. అది బడి పిల్లల చట్టం. కాగితాలు లేకపోయినా వెంటనే బడిలో చేర్చుకోవాలి, చోటు మారినా పాత బడిలోనే చదవనివ్వాలి, ప్రతి స్కూల్ జిల్లాలో వీళ్ళ కోసం ఒక బాధ్యుడు ఉండాలి. బడి అయిపోతే మాత్రం ఆ రక్షణ కూడా అయిపోయేది.

కాలేజీలో వాళ్ళకు అడ్డం పడింది ఒక ఫారం. అక్కడ కేంద్ర ఆర్థిక సాయం కావాలంటే ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. 24 ఏళ్ళ లోపు వాళ్ళు మామూలుగా తల్లిదండ్రుల ఆదాయం, సంతకం పెట్టాలి. తల్లిదండ్రుల ముఖం చూసి ఏళ్ళయినవాడు ఏం పెడతాడు? 2007లో చేసిన చట్టం దీన్ని సరిచేసింది. 13 ఏళ్ళు నిండాక ఎప్పుడైనా ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళు, ఒంటరిగా ఇల్లు లేకుండా ఉన్న పిల్లలు 'స్వతంత్రులు' అని లెక్క. వాళ్ళకు తల్లిదండ్రుల వివరాలు అక్కర్లేదు. ఇల్లు లేదని స్కూల్ బాధ్యుడో, షెల్టర్ వాళ్ళో రాసిస్తే చాలు. ఇది చదివినప్పుడు నాకు మా పదకొండు తిరుగుళ్ళు గుర్తొచ్చాయి. సముద్రం అవతల కూడా ఇదే సంతకం గొడవ! వాళ్ళు అడిగి అడిగి చట్టమే మార్పించుకున్నారు.

అంతా బాగుపడిందా అంటే, లేదు. అయోవా, విస్కాన్సిన్, ఇల్లినాయిస్ రాష్ట్రాల్లో ఫోస్టర్ కేర్ నుంచి బయటికొచ్చిన 700 మందికి పైగా పిల్లల్ని పరిశోధకులు ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. 26 ఏళ్ళు వచ్చేసరికి వాళ్ళలో రెండేళ్ళదో నాలుగేళ్ళదో డిగ్రీ చేతికొచ్చింది 8 శాతం మందికే. అదే వయసు మామూలు పిల్లల్లో 46 శాతం. వోచర్ల డబ్బు అందరికీ చాలదు. కొన్ని కాలేజీల్లో పథకం ఉంటే పక్క కాలేజీలో ఉండదు. దేశంలో ఇంత డబ్బున్నా చదువుకునే పిల్లలు కార్లలో పడుకుంటూనే ఉన్నారు. కాబట్టి అమెరికా గొప్ప, మనం తక్కువ అని చెప్పడానికి ఇది రాయట్లేదు. పిల్లల్ని ముందు విడదీసిందీ వాళ్ళ ప్రభుత్వమే, ఆ గాయానికి కట్టు కట్టడానికి వందేళ్ళు పట్టింది.

మన దగ్గర కథ కొంచెం వేరు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గారు గోండు పిల్లలకు బడి మొదలుపెట్టించినప్పుడు గోండీలోనే పాఠాలు చెప్పించారు, గోండులనే పంతుళ్ళుగా తయారుచేశారు. కార్లైల్‌కు పూర్తిగా ఎదురు దారి అది. తర్వాత వచ్చిన ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు లేకపోతే మా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన నేను ఈ పోస్టు రాసేవాడినే కాదు. అది ఒప్పుకోవాలి. కానీ ఆ ఏర్పాటు అంతా పిల్లవాడికి వెనక ఒక ఇల్లు ఉందనుకుని చేసింది. ఇల్లు లేనివాడు అందులో కనిపించడు.

మన చట్టంలో కూడా ఒక దారి ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ ప్రకారం బాలల సంరక్షణ సంస్థ నుంచి 18 ఏళ్ళకు బయటికొచ్చే వాళ్ళకు ఆఫ్టర్ కేర్ సాయం ఇవ్వొచ్చు. నిబంధనల్లో 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక సందర్భాల్లో 23 దాకా అని ఉంది. అలాంటి సంస్థల్లో పెరిగినవాళ్ళు మన గ్రూపులో ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో తప్పకుండా అడగండి. మా రూమ్‌మేట్ మాత్రం ఆ లెక్కలోకి రాడు, ఎందుకంటే వాడు పెరిగింది ఆశ్రమ పాఠశాలలో. అమెరికాలో ఒక చట్టం చాలక రెండో చట్టం ఎందుకు అవసరమైందో నాకు వాడిని చూస్తేనే అర్థమైంది.

నేను అడిగేది పెద్దవి కాదు. ఒకటి, ప్రతి హాస్టల్లో సెలవులకు పోవడానికి చోటు లేనివాళ్ళు ఎవరో మనమే తెలుసుకుందాం. నలుగురిలో అడగొద్దు, పక్కకు పిలిచి అడగండి. రెండు, సెలవుల్లో కనీసం జిల్లాకు ఒక్క హాస్టలైనా తెరిచి ఉంచమని ఐటీడీఏ పీఓ గారికి అందరం కలిసి అర్జీ పెడదాం. మూడు, తల్లిదండ్రులు లేని విద్యార్థికి వార్డెనో, ప్రిన్సిపాలో రాసిస్తే స్కాలర్‌షిప్‌కు సరిపోయేలా చెయ్యమని అదే అర్జీలో రాద్దాం. డ్రాఫ్ట్ నేను రాస్తా, లా చదివే అన్నలు, అక్కలు దిద్దండి.

మావాడి పని పదకొండో సారికి అయింది. ఇప్పుడు ఫైనలియర్. ఈ దసరాకు మా అమ్మ ఫోన్ చేసి ముందు వాడినే అడిగింది, "ఎప్పుడొస్తున్నావురా" అని. నన్ను తర్వాత అడిగింది.

వాడిని అడిగే ఇదంతా రాశా. "పేరు పెట్టకు, మిగతాది రాయి" అన్నాడు. తప్పులుంటే కామెంట్లో చెప్పండి, దిద్దుకుంటా.

జోహార్.