విడిచిపెట్టిన ఫోను – విడువరాని లిపి



ఈమధ్య మీలో పలువురు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "మాస్టారూ, బడిలో తెలుగు చెప్పేవారు తగ్గిపోతున్నారు. ఫోనులో మంచి తెలుగు పాఠాలు వస్తున్నాయి గదా, వాటితోనే పిల్లలకు నేర్పుకుంటే చాలదా?" అని. చాలునో చాలదో ఒక్క మాటలో తేల్చి చెప్పటం కంటె ఒక చరిత్ర మీ ముందుంచటం మేలని తోచింది. లోకంలోకెల్లా పెద్ద కంపెనీలలో ఒకటి తన సొంత ఫోనులను తెచ్చి, నడిపి, చివరకు విడిచిపెట్టిన చరిత్ర ఇది. అట్లా విడిచిపెట్టిన నాడు ఆ కంపెనీ పెద్దపీట మీద కూర్చున్నవారు తెలుగువారే కావటం మనకు మరొక విశేషం.

ముందుగా ఒక మాట. ఫోను అని మనం అనేది నిజానికి రెండు వస్తువులు. ఒకటి చేతికి తగిలే పెట్టె. రెండవది ఆ పెట్టెను లోపలినుంచి నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. తెర మీద అక్షరం కనబడాలన్నా, మీట నొక్కితే 'క'కు ఒత్తు పడాలన్నా, పాఠం తెరుచుకోవాలన్నా ఈ రెండవదాని దయ ఉండాలి. పెట్టెను మనం డబ్బిచ్చి కొంటాము. లోపలి వ్యవస్థను వాడుకొనే అనుమతి మాత్రమే మనకు దక్కుతుంది. దాన్ని బాగుచేసేవారు, కొత్త ప్రమాదాలనుంచి కాపాడేవారు దాని యజమానులే. వారు చేయి విడిస్తే పెట్టె మన చేతిలోనే ఉంటుంది గాని నానాటికీ కొరగానిదవుతుంది.

ఇక కథలోకి వద్దాము. మనలో చాలామందికి మొదటి సెల్‌ఫోను నోకియావారిదే. ఫిన్లాండు దేశంలో 1865లో కాగితపు మిల్లుగా పుట్టిన ఆ సంస్థ, ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఫోనుల వ్యాపారానికి చక్రవర్తి. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో వారి కర్మాగారం 2006లో మొదలై, వేలమందికి ఉపాధి ఇచ్చింది. 2007లో ఆపిల్‌వారి ఐఫోను, 2008లో గూగుల్‌వారి ఆండ్రాయిడ్ ఫోను వచ్చి ఆ సింహాసనాన్ని కదిలించాయి. మైక్రోసాఫ్ట్‌వారు కూడ వెనుకబడి, తమ పాత వ్యవస్థను పక్కనబెట్టి 2010 అక్టోబరులో విండోస్ ఫోన్ అనే కొత్త వ్యవస్థను తెచ్చారు. వెనుకబడిన ఇద్దరూ 2011 ఫిబ్రవరి 11న చేతులు కలిపారు. అదే ఏడాది అక్టోబరులో లూమియా అనే పేరుతో విండోస్ ఫోనులను నోకియా ప్రకటించింది.

తొలి దెబ్బ వెంటనే తగిలింది. 2012లో వచ్చిన విండోస్ ఫోన్ 8 అంతకుముందు కొన్న ఫోనులలోకి ఎక్కదని కంపెనీయే చెప్పింది. ఏడాదైనా గడవకముందే కొన్నవారి ఫోనులు పాతబడిపోయాయి. అయినా 2013లో చౌకగా వచ్చిన లూమియా 520 మన దేశంలో బాగానే అమ్ముడుపోయింది. ఆ సెప్టెంబరులో, నోకియా ఫోనుల వ్యాపారం మొత్తాన్నీ 544 కోట్ల యూరోలకు కొంటున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

ఆ కొనుగోలు పూర్తి కాకముందే, 2014 ఫిబ్రవరి 4న, సత్య నాదెళ్ల గారు ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. వారు హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరినవారు. తండ్రి యుగంధర్ గారు గ్రామీణాభివృద్ధి రంగంలో పేరు పొందిన ఐఏఎస్ అధికారి. నోకియాను కొనవలెనా వద్దా అని పై అధికారుల అభిప్రాయం అడిగినప్పుడు తాను వద్దన్నానని నాదెళ్ల గారు 2017లో వెలువడిన 'హిట్ రిఫ్రెష్' అనే తమ పుస్తకంలో చెప్పుకున్నారు. తాను వద్దన్న బరువే తన తలకెత్తుకోవలసి వచ్చింది.

2014 ఏప్రిల్ 25న కొనుగోలు పూర్తయింది. మూడు నెలలు తిరగకముందే, జూలైలో, 18,000 ఉద్యోగాలు తీసివేస్తున్నట్లు ప్రకటన వెలువడింది. వాటిలో సుమారు 12,500 నోకియా నుంచి వచ్చిన విభాగానివే. పన్నుల వివాదం కారణంగా శ్రీపెరుంబుదూరు కర్మాగారం ఈ కొనుగోలులో చేరలేదు. 2014 నవంబరు 1న అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసివేసి, మరి 7,800 ఉద్యోగాలను తొలగించారు. అంటే కొన్న ధరను దాదాపుగా అంతా రాసివేసినట్లే. 2016లో మామూలు మీటల ఫోనుల వ్యాపారాన్ని 35 కోట్ల డాలర్లకు ఇతరులకు అమ్మివేశారు. 2017 అక్టోబరులో, విండోస్ ఫోనులకు కొత్త సదుపాయాలు గాని కొత్త పరికరాలు గాని తమ దృష్టిలో లేవని ఆ విభాగపు అధికారి బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఇంత ధనబలం, విద్యాబలం ఉన్న సంస్థ ఎందుకు ఓడింది? ఫోనులో వాడుకొనే అప్లికేషనులు రాసేవారు జనం ఎక్కువగా ఉన్నచోటికే పోతారు. జనమేమో అప్లికేషనులు ఎక్కువగా ఉన్న ఫోనే కొంటారు. ఆలస్యంగా వచ్చినవాడు ఈ చక్రంలో ఇరుక్కుంటాడు. పైగా గూగుల్ తన ఆండ్రాయిడ్‌ను ఫోనులు చేసేవారికి ఉచితంగా ఇస్తూ ఉండగా, మైక్రోసాఫ్ట్ 2014 వరకు తయారీదారుల దగ్గర రుసుము తీసుకున్నది. ప్రపంచ విపణిలో విండోస్ ఫోనుల వాటా చాలా తక్కువగానే ఉండిపోయింది. 2023లో ఒక సంభాషణలో నాదెళ్ల గారే, ఫోనుల రంగంనుంచి తప్పుకొన్న తీరు సరికాదేమో, దాన్ని నిలబెట్టే దారులు ఉండేవేమో అన్న భావం వ్యక్తం చేశారు. అప్పటికి ఆలస్యమైపోయింది.

వాడుకొనేవారికి ఏమి మిగిలింది? విండోస్ ఫోన్ 8.1కు సంరక్షణ 2017 జూలై 11తో ముగిసింది. దాని అప్లికేషనుల అంగడి 2019 డిసెంబరు 16న మూతపడింది. ఆ నెలాఖరుతో వాట్సప్ కూడ ఆ ఫోనులలో ఆగిపోయింది. పెట్టె పగలలేదు, బ్యాటరీ చావలేదు, తెర మెరుస్తూనే ఉన్నది. కాని ఇంటిల్లిపాదినీ కలిపే సాధనం అందులో పనిచేయదు.

ఇక్కడొక తారతమ్యం గమనించండి. చేతులెత్తినది మైక్రోసాఫ్ట్ ఒక్కటే కాదు. హ్యూలెట్ పాకార్డ్ సంస్థ 2010లో 120 కోట్ల డాలర్లు పోసి పామ్ అనే కంపెనీని, దాని వెబ్ఓఎస్ వ్యవస్థను కొన్నది. దానితో చేసిన టచ్‌పాడ్ అనే పలకను 2011 జూలై 1న అమ్మకానికి పెట్టి, ఆగస్టు 18న విరమిస్తున్నామన్నది. ఏడు వారాల ఆయుస్సు! మొజిల్లా సంస్థ కూడ ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే ఫోను వ్యవస్థను తెచ్చి, 2014లో మన దేశంలో రెండు వేల రూపాయల లోపు ఫోనులో అందించి, 2015 డిసెంబరులో విరమణ ప్రకటించింది. అయితే ఈ రెండింటి కథ అక్కడితో ముగియలేదు. వెబ్ఓఎస్ మూలాన్ని 2012లో అందరికీ తెరిచారు. తరువాత ఎల్‌జీవారు ఆ వ్యవస్థను తీసుకొని తమ టీవీలలో వాడుకున్నారు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ మూలం మొదటినుంచీ తెరిచి ఉన్నదే. దానిమీదనే కైఓఎస్ అనే వ్యవస్థ లేచి, 2017లో 1,500 రూపాయల ధరావతుతో వచ్చిన జియోఫోనులోకి చేరింది. మన పల్లెలలో మీటల జియోఫోను పట్టుకున్న అవ్వకు తెలియదు గాని, ఒకరు వదిలిన విత్తనమే ఆమె చేతిలో మొలకెత్తింది. విండోస్ ఫోనుకు ఆ భాగ్యం లేకపోయింది. తాళం యజమాని దగ్గరే ఉన్నది. ఆయన వెళ్ళిపోయిన తరువాత తలుపు తెరిచేవారు లేరు.

కాబట్టి ఎవరు విడిచిపెట్టారన్నది అసలు ప్రశ్న కాదు. విడిచిపెట్టినదాన్ని మరొకరు ఎత్తుకోగలరా లేదా అన్నదే ప్రశ్న.

ఇది మన తెలుగు చదువుకు ఎట్లా తగులుతుందో నా అనుభవం చెబుతాను. ఇరవై యేండ్ల కిందట అచ్చుపని అంతా ఎవరి ఫాంటు వారిదిగా సాగేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు పాఠం ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనబడేది. ఇప్పుడు మన మధ్య లేని నా సహోపాధ్యాయులొకరు బరంపురం పరిసరాల తెలుగువారి వంటింటి మాటలు, నేతపని మాటలు, పొలం మాటలు ఏండ్ల తరబడి పోగుచేసి, బడిపిల్లలకోసం టైపు చేయించారు. ఆయన పోయిన తరువాత ఆ డిస్కు నా చేతికి వచ్చింది. తెరిస్తే ఒక్క ముక్క చదవశక్యం కాలేదు. ఆ ఫాంటు ఏదో చెప్పేవారు లేరు, అది నడిచే యంత్రమూ దొరకలేదు. చివరికి ఆయన ఇంట ఒక అట్టపెట్టెలో కొన్ని అచ్చుకాగితాలు దొరికాయి. మాకు మిగిలినవి ఆ కాగితాలలో ఉన్న మాటలే. తక్కినవి ఆయనతోనే పోయాయి.

ఈ బాధకు మందు యూనికోడ్. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకొన్న ఒక సంఖ్య ఉంటుంది. ఏ కంపెనీ యంత్రమైనా ఆ సంఖ్యను చూసి అదే అక్షరం చూపించాలి. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావటంతో మన కంప్యూటర్లకు ఆ తెలుగు అందింది. విండోస్ ఫోను పోయినా, అందులో యూనికోడ్‌లో రాసి బయటికి పంపిన తెలుగు ఉత్తరం ఈనాటికీ ఏ ఫోనులోనైనా చదవవచ్చు.

ఇది పెద్ద భాషలకే పరిమితం కాదు. మన పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు వెంకటరామమూర్తి గారు సవరల భాషను తెలుగు అక్షరాలలో రాసి వారికి చదువు చెప్పారు. తరువాత 1936లో మంగై గొమాంగో గారు ఆ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని కల్పించారు. ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. కొనేవారి సంఖ్య లెక్కబెట్టే ఏ కంపెనీ దాన్ని తనంతట పట్టించుకొనేది చెప్పండి?

ఆ 1936వ సంవత్సరమే మనదీ. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం ఇటు వచ్చింది. కొద్ది దూరంలోనే ఉన్న ఇచ్ఛాపురం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఆనాటినుంచి మన తెలుగు చదువు బయటివారి నిర్ణయాల మీద ఆధారపడుతూ వస్తున్నది. పుస్తకం ఎవరు అచ్చువేస్తారు, ఉపాధ్యాయుణ్ణి ఎవరు నియమిస్తారు అన్నవి మన చేతిలో లేవు. అయినా ఇళ్ళలో అక్షరం నిలిచింది. నిలిపినవాటిలో పెద్ద బాలశిక్ష ఒకటి. పుదూరు సీతారామశాస్త్రి గారు 19వ శతాబ్దిలో రాసిన ఆ పుస్తకాన్ని వావిళ్ళవారు మొదలుగా ఎందరో అచ్చువేశారు, మార్చారు, పెంచారు. ఒక ముద్రాపకుడు మానుకుంటే మరొకడు వేశాడు. అందుకే అది చావలేదు.

కనుక మిత్రులారా, ఫోను వద్దని నేననను. పిల్లలు ఫోనులో తెలుగు వినవలసినదే, చదవవలసినదే. కాని ఈ నాలుగు పనులు మరువకండి. పాఠాలు, ప్రశ్నపత్రాలు, పదసేకరణలు యూనికోడ్‌లోనే రాయండి. ఒక్క అప్లికేషనులో బంధించి ఉంచక, బయటికి తీసి రెండు మూడు చోట్ల దాచండి. విలువైనది ఏదైనా ఒక ప్రతి కాగితం మీద అచ్చువేయించి బడిలో ఒకటి, ఇంట ఒకటి ఉంచండి. అన్నిటికంటె ముఖ్యం, పిల్లల చేత పలక మీదనో కాగితం మీదనో చేతితో తెలుగు రాయించండి. ఆ చేతిరాతకు ఎవరి అనుమతీ అక్కరలేదు. దాని అంగడిని ఎవరూ మూసివేయలేరు.

మీ ఇంటిలో పాత డిస్కులు, పాత ఫోనులు ఉంటే ఈ ఆదివారమే తెరిచి చూడండి. వాటిలో మీ నాన్నగారి ఉత్తరమో, అమ్మమ్మ చెప్పిన సామెతలో ఉండవచ్చు. ఇంకా తెరుచుకుంటున్నప్పుడే బయటికి తీయండి. నా మిత్రుని మాటల విషయంలో నేను ఆ పని ఆలస్యం చేశాను. మీరు చేయకండి.

సెలవు.