విహారతీరం - శ్రమతీరం: విశాఖ, భీమిలి సాగరతీరాల చారిత్రక పరిశీలన

విశాఖ నుండి భీమిలి వరకు సాగే తీరం నేడు విహారయాత్రకు ప్రసిద్ధం. ఇక్కడ యాత్రికులు చూడదగిన ప్రదేశాలు ఒక్కొక్కటి ఒక్కొక్క చారిత్రక దశను తెలుపుతాయి. రామకృష్ణా బీచిలోని కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. ఉత్తరంగా సాగితే, స్నానాలకు పేరొందిన రుషికొండ తీరానికి 2020లో 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు లభించింది. ఆపై తొట్లకొండ ఉంది. భిక్షువుల కోసం రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. మార్గాంతంలోని భీమిలిలో డచ్చి సమాధులు 17వ శతాబ్దంలో మొదలైన వర్తకస్థావరాన్ని గుర్తుచేస్తాయి. 1824 నాటి ఒడంబడిక ననుసరించి 1825లో ఆ స్థావరం ఆంగ్లేయుల పరమైంది.

బౌద్ధ, వర్తక, నౌకాదళ దశలు మూడింటికీ రాతిలోనో, లోహంలోనో స్మారకాలు మిగిలాయి. అలివి వలలు లాగే జాలరుల శ్రమకు మాత్రం అటువంటి శాశ్వత చిహ్నం అరుదు. తెప్పలు నిలిపే చోటు, వలలు ఆరవేసే ఇసుక, చేపలు ఎండబెట్టే నేల - ఇవే వారి చరిత్రకు ఆధారాలు. విహారస్థలం విస్తరించేకొద్దీ మొదట కుదించుకుపోయేవీ ఇవే. కాబట్టి తీరచరిత్ర రచనలో సమాధులకు, స్తూపాలకు దక్కిన స్థానం ఈ ఇసుకకు కూడా దక్కవలసి ఉంది.