హఫీజ్‌పేట్ హాస్టల్ అమ్మాయిలకు గైనిక్ వైద్యం: ఎక్కడ, ఏ హక్కుతో?

హఫీజ్‌పేట్ అంటే చాలామందికి ఎంఎంటీఎస్ స్టేషన్, దాని అవతల కొండాపూర్, హైటెక్ సిటీ ఆఫీసులు. ఆ ఆఫీసుల నీడలోనే జిల్లాల నుంచి చదువుకోడానికొచ్చి లేడీస్ హాస్టళ్లలో సర్దుకుంటున్న మన అమ్మాయిలూ ఉన్నారు. రెండు నెలలు నెలసరి రాకపోయినా, తెల్లబట్ట ఎక్కువైనా, మూత్రంలో మంట పుట్టినా వాళ్లు ముందు లెక్కేసుకునేది డబ్బులు. కార్పొరేట్ ఆసుపత్రిలో కన్సల్టేషన్, స్కాన్, రక్తపరీక్షలు కలిస్తే స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే పిల్లకు మెస్ బిల్లు ఎగిరిపోతుంది. రెండో భయం, డాక్టర్ అడిగే ‘పెళ్లయిందా?’ అన్న ప్రశ్న.

ముందు డబ్బు సంగతి. హఫీజ్‌పేట్‌లో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. అక్కడ డాక్టర్ చూస్తారు, మందులు ఉచితం. గైనకాలజిస్టు కావాలంటే దగ్గర్లో కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి, దూరమైనా ఫర్వాలేదనుకుంటే సుల్తాన్‌బజార్, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులు. ప్రసూతి అన్న పేరు చూసి వెనక్కి రావద్దు, గర్భంతో సంబంధం లేని సమస్యలకూ అక్కడ ఓపీ ఉంటుంది. 2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆరోగ్య మహిళ’ పేరుతో మంగళవారాల్లో ఆడవాళ్లకే ప్రత్యేక క్లినిక్కులు మొదలుపెట్టింది. నెలసరి సమస్యలు, పీసీఓఎస్, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, లైంగిక వ్యాధులు దాని పరిధిలోవే. మీకు దగ్గరి కేంద్రంలో ఉందో లేదో ఆశా కార్యకర్తనడిగి వెళ్లండి.

ఇక పెళ్లి ప్రశ్న. డాక్టర్‌కు వైద్యం కోసం తెలియాల్సింది లైంగిక సంబంధం ఉందా, గర్భం వచ్చే అవకాశం ఉందా అన్నదే. మంగళసూత్రం ఉందా లేదా అన్నది వైద్యానికి అక్కర్లేని సంగతి. చట్టం కూడా ఇక్కడిదాకా రావడానికి యాభై ఏళ్లు పట్టింది. 1971 గర్భస్రావ చట్టం గర్భనిరోధకం విఫలమైన సందర్భాన్ని ‘వివాహిత, ఆమె భర్త’కే పరిమితం చేసింది. 2021 సవరణ దాన్ని ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చింది. 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో చెప్పిన వర్గాల వారికి, ఇద్దరు డాక్టర్లు కావాలి. ఆ వర్గాల్లో పెళ్లికాని స్త్రీలూ ఉంటారని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తేల్చింది. 18 నిండిన అమ్మాయి సంతకం ఒక్కటే చాలు. అమ్మానాన్నల సంతకం తెమ్మనడం చట్టంలో లేని షరతు. ఆమె వివరాలు చట్టం అనుమతించని వాళ్లకు చెప్పిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలు పడొచ్చు.

ఇంటర్ పిల్లల విషయం వేరు. 18 లోపు వాళ్లకు సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. పోక్సో చట్టం కింద డాక్టర్ పోలీసులకు తెలపాలి. అయితే అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు చెప్పనక్కర్లేదని అదే తీర్పు చెప్పింది.

హాస్టల్ గదుల్లో రెండు మాత్రలను ఒకటిగా అనుకోవడం చూస్తుంటాం. లెవోనార్జెస్ట్రెల్ అనే ఎమర్జెన్సీ పిల్ గర్భం రాకుండా ఆపేది. కలయిక తర్వాత 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. అబార్షన్ కిట్ వేరు. అది వచ్చిన గర్భాన్ని తీసేది, తొమ్మిది వారాల లోపు డాక్టర్ చూసి రాయాల్సినది. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ కిట్ పనిచేయదు, ప్రాణం మీదకొస్తుంది.

హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం. 2017 చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సలహాకు 1097.

ఇదంతా దళిత వేదిక మీద ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆధిపత్య కుల స్త్రీ కంటే దళిత స్త్రీ సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని 2018 నాటి యూఎన్ విమెన్ నివేదిక చెప్పింది. 2017లో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల ప్రకటన పెళ్లికాని వాళ్లే దరఖాస్తు చేయాలంది. మన పిల్లల చదువుకు కూడా పెళ్లి ప్రశ్నే అడ్డుపెట్టారు! తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 8 శాతం మందికి గర్భసంచి తీసేశారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దేశ సగటు 3 శాతమే. కాబట్టి ఏ డాక్టరైనా ‘తీసేద్దాం’ అంటే, అది అమ్మకైనా మీకైనా, మరో ప్రభుత్వ డాక్టర్‌కు చూపించకుండా ఒప్పుకోవద్దు.

లైంగిక దాడి జరిగితే ప్రైవేటు ఆసుపత్రి సైతం వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ఇది బీఎన్ఎస్ఎస్ 397వ సెక్షన్. ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయడం తప్పని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో మళ్లీ చెప్పింది. అట్రాసిటీ చట్టం వర్తించే కేసులో ఇంకో మెలిక ఉంది: 2016 నిబంధనల ప్రకారం అత్యాచార బాధితురాలికి 5 లక్షల సహాయంలో సగం వైద్య పరీక్ష, దాన్ని నిర్ధారించే నివేదిక తర్వాతే ఇస్తారు. అందుకే తోడు వెళ్లే కార్యకర్తలు వైద్య నివేదిక నకలు అడిగి తీసుకోవాలి, ఎఫ్ఐఆర్‌లో కులం, అట్రాసిటీ సెక్షన్లు రాశారో లేదో అక్కడే చదివి చూడాలి. సఖి కేంద్రం కోసం 181కి ఫోన్ చేయొచ్చు.